పడవవాడి కనుబొమలు

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ, నాకు తెలివికన్నా బేరమే ఎక్కువ. మోతీనగర్‌లో మా నాన్నది బట్టల కొట్టు. చీరను కంటికి ఆనించి చూసి, అంచు వేళ్ల మధ్య నలిపి, నేతలో లోపం పట్టెయ్యడం నాకు అక్షరాలకన్నా ముందే వచ్చింది. ఆ ఒక్క అర్హత మీదే సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజరైన మా మేనమామ నన్ను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో సామాన్లు కొనే పనికి పెట్టించాడు. ("పిల్ల నోరు విప్పితే కొట్టువాడు గల్లాపెట్టె మూసుకుంటాడండీ" అని సిఫారసు.)

నేను చేరిన సినిమాలో హీరోయిన్ తండ్రి ప్యారిస్‌లో చదివొచ్చిన జమీందారు. ఆయన హాల్లో ఫ్రెంచి పద్ధతి బొమ్మలు రెండుండాలి. మా ఆర్ట్ డైరెక్టర్ మాస్టారు రెండూ తనే వేస్తూ నాకు పాఠం చెప్పేవారు. "పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ కొందరు, దేవుళ్లనీ రాజుల్నీ వేసింది చాలు, కూలివాణ్నీ వాడి చిరుగు చొక్కానీ ఉన్నదున్నట్టు వేద్దాం అన్నారమ్మా. అది రియలిజం. వెనకే వచ్చినవాళ్లు, వస్తువుని కాదు, దాని మీద ఈ నిమిషాన పడ్డ వెలుగుని పట్టుకుందాం అన్నారు. అది ఇంప్రెషనిజం." నేను బుద్ధిగా తలూపాను. నాకర్థమైందల్లా మొదటిది ముతక ఖద్దరు, రెండోది జార్జెట్ అని.

నా ఉద్యోగానికి అది పదకొండో రోజు. తొమ్మిదికి షాట్. పొద్దున్నే రెండో బొమ్మ గోడకు తగిలించి మాస్టారు స్నానానికి ఇంటికెళ్లారు. నేను అలవాటుగా దానికి ముక్కు ఆనేంత దగ్గరకెళ్లాను. మంచు పట్టిన చెరువన్నారు; చూస్తే అన్నీ నీలం, గులాబీ మరకలు! పడవవాడికి మొహమే లేదు! పాపం, టైము చాలక సగంలో వదిలేశారు, డైరెక్టర్ చూస్తే ఆయన పరువేం కాను? మా కొట్లో దారం వేలాడే సరుకు బయట పెట్టం. సన్న కుంచె తీసుకుని పడవవాడికి కళ్లు, ముక్కు, దట్టమైన కనుబొమలు దిద్దాను. మిగతాది నా చేతిలో లేని విద్య కనుక, గేటు బయట హీరో హోర్డింగ్ వేస్తున్న పెయింటరును (మా అందరికీ కటౌటన్న) లాక్కొచ్చాను.

"అన్నా, ఆకులు, అలలు, పడవకు చెక్కలు. మొత్తం టోకున పూర్తి చేసి పెట్టు."

"ఏం పూర్తి జెయ్యాలె చెల్లె?"

"కనబడట్లేదా? అంతా మరకలే!"

"గిట్ల ముక్కు వెట్టి జూస్తే నా హీరో గూడ గోడకు సున్నం గొట్టినట్టే ఉంటడు. జర ఎనక్కి రా."

"మూడడుగులు చాలవా?"

"గీడ గూడ బేరమేనా? రా!"

పన్నెండో అడుగులో కాలికి సోఫా తగిలింది. అప్పుడు లేచింది మంచు! మరకలన్నీ చెయ్యీచెయ్యీ కలుపుకుని నీళ్లయ్యాయి. ఆ నీళ్ల మీద లేత ఎండ వణికింది. "అన్నా, కదుల్తోంది! నీళ్లు కదుల్తున్నాయి!" అని నేను పెట్టిన కేకకు పైన లైట్లు కట్టేవాళ్లు కిందికి తొంగిచూశారు. (చీర మడత విప్పినప్పుడు కూడా నాకంత సంబరం కలగలేదు.)

"మేం రోజు జేసే పనే గదా," అన్నాడు కటౌటన్న. "గని, గా పడవల కూసున్నోడు మనల్నెందుకు గుర్రుగ జూస్తుండు?"

ఆ గుర్రు నేను దిద్దిన కనుబొమలదే. బొమ్మంతా ఇంకా తడి, తుడిస్తే మంచు మొత్తం బురదే. సరిగ్గా అప్పుడే మాస్టారు తడిజుట్టుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరివా కనుబొమలు?"

"నావేనండీ. నన్ను పనిలోంచి తీసెయ్యండి, బొమ్మను మాత్రం తియ్యకండి. నాకిప్పుడే కనబడింది." (బేరమాడకుండా మొత్తం ఒప్పేసుకోవడం నా జీవితంలో అదే మొదలు.)

"ఏం కనబడింది?"

"ఎండండీ. ఆరింటి ఎండ. ఏడింటికి ఉండదు."

మాస్టారు పూలకుండీ ఒకటి జరిపించి పడవను మరుగుచేశారు. షాట్ ఓకే అయింది. "రేపట్నుంచి ఏది కొన్నా పన్నెండడుగుల దూరం నుంచి కూడా ఓసారి చూడమ్మా," అన్నారు. ఆ 'రేపట్నుంచి' అన్న మాట చాలు, ఉద్యోగం నిలబడిందని తెలిసిపోయింది.

సెట్టు విప్పిన రోజు ఆ బొమ్మ నాకే ఇచ్చేశారు. ఇప్పటికీ మా హాల్లో ఉంది. వచ్చినవాళ్లను వంటింటి గుమ్మం దాకా వెనక్కి నడిపించి మరీ చూపిస్తాను. అంత దూరానికి చెరువు, మంచు, చెట్లు అన్నీ కరిగి వెలుగైపోతాయి. ఆ కనుబొమలు మాత్రం కరగవు. అప్పటి ఇరవై ఏళ్ల నేను, సరుకు మీద ఇంకా నమ్మకం కుదరని కొనుగోలుదారులా, ఆ పడవలోంచి నన్నే చూస్తూ ఉంటాను.