తారు మీద బురద టైర్లు

నా జీపు వస్తోందని మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు హారన్ కొట్టి చెప్పాల్సిన పని లేదు. గోపన్‌పల్లి మలుపు తిరిగి సిమెంటు రోడ్డు ఎక్కగానే నా టైర్లు రాగం అందుకుంటాయి. ఆ హోరు మూడో అంతస్తు దాకా వినిపిస్తుందట. నేను చేరేసరికి గేటు తెరిచి ఉంటుంది. మా టవర్ పిల్లలు నాకు ట్రాక్టర్ ఆంటీ అని పేరు పెట్టారు. వెనకాల అనుకునే పేరే గానీ, ఒకసారి లిఫ్టులో ఒక బుడతడు ముఖం మీదే అనేశాడు. వాళ్లమ్మ సిగ్గుతో చితికిపోయింది. నేను మాత్రం ఆ బిరుదును సంతోషంగా పుచ్చుకుని, వాడిని ఆదివారం జీపెక్కిస్తానని మాటిచ్చాను.

అవి బురద టైర్లు. మామూలు కారు టైరు మీద సన్నటి గాడులుంటాయి. వీటి మీద బెల్లం అచ్చుల్లాంటి రబ్బరు గడ్డలు, వాటి మధ్య వేళ్లు దూరేంత సందులు. బురదలో దిగినప్పుడు ఆ గడ్డలు నేలను కొరికి పట్టుకుంటాయి. సందుల్లో చేరిన మట్టిని చక్రం తిరిగిన కొద్దీ బయటికి విసిరేస్తాయి. వానాకాలం ఆదివారాల్లో నాలాంటి పిచ్చివాళ్లం కొందరం వికారాబాద్ వైపు తెలిసినవాళ్ల బీడు భూముల్లోకి వెళ్లి, బండ్లను ఒంటినిండా బురద చేసుకుని వస్తాం. సోమవారం పొద్దున అదే జీపులో మాదాపూర్ ఆఫీసుకు వెళ్తాను. ఆఫీసుకు మామూలు టైర్లు వేసుకుపోవచ్చు కదా అని అడిగేవాళ్లకు కొదవలేదు. పూటకోసారి మార్చుకోవడానికి అవేమైనా చెప్పులా?

బురద మీద ఈ మోజు ఎందుకంటే, మాది అనంతపురం. మా వైపు వాన పడితే అది వార్త. రోడ్డు మీద బురద కనిపించిందంటే ఆ ఏడు దేవుడు మా వైపు చూశాడని లెక్క. చిన్నప్పుడు ఒకసారి ముసురు పట్టి, మా బడి బస్సు బురదలో కూరుకుపోతే, పిల్లలమంతా దిగి ఆ బురదను వింతగా చూశాం. చెప్పులు చేతిలో పట్టుకుని కావాలనే అందులో నడిచాం. ఆ సంబరం నాలో ఇంకా తీరలేదు. మా ఆయనది కోనసీమ. ఆయనకు ఈ బాధ బొత్తిగా అర్థం కాదు. "బురదను చూసి మురిసిపోయే మనిషిని నిన్నే చూశానే బాబూ! మా ఊరు రా, మోకాలి లోతున చూపిస్తాను," అంటాడు. ఉన్నవాడికి విలువేం తెలుస్తుంది?

సైబర్ టవర్స్ దగ్గర ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడం, జర పక్కకు ఆపుండ్రి. ఏంది ఈ టైర్లు? అడవిలకెళ్లి వస్తున్నరా?"

"ఆఫీసు నుంచి వస్తాండా సార్. సైజు కంపెనీ ఇచ్చిందే. బాడీ దాటి బయటికి రాలేదు. కావాలంటే చూసుకోండి."

ఆయన వంగి నాలుగు చక్రాలూ చూశాడు. ఒక గడ్డను వేలితో నొక్కి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. "సప్పుడైతే మస్తుంది," అని లేచి, కాసేపు తటపటాయించి, "బురదల ఆగకుంట పోతదా మేడం?" అని గొంతు తగ్గించి అడిగాడు. పోతుందని చెప్పాను. వెనకాల హారన్లు మోగుతున్నా ఆయనకు నన్ను పంపించే తొందరేమీ కనిపించలేదు.

ఈ టైర్ల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఊరికే నమ్మకం కాదు. వేయించుకున్న ఏడాది మొదటి వానకే కొల్లూరు దాటాక ఖాళీగా పడి ఉన్న ఒక వెంచర్‌లోకి జీపు తీసుకెళ్లాను. ప్లాట్లకు రాళ్లు పాతారు, తారు రోడ్లు వేశారు, మనుషులు మాత్రం లేరు. అక్కడ తడిసిన రోడ్డు మీద నలభైలో పోతూ బ్రేకు తొక్కాను. ఆగింది. కానీ నేను ఆగుతుందనుకున్న చోట కాదు, అది దాటి చాలా దూరం జారి ఆగింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. బురదను కొరికే ఆ గడ్డలకు తారులో కొరకడానికి ఏమీ దొరకదు. సందులు పోగా రోడ్డును తాకే రబ్బరే తక్కువ, అదీ గట్టిది. తడి బాత్రూములో హీల్స్ వేసుకుని నిలబడినట్టు ఉంటుంది వాటి పని. చూడ్డానికి రాక్షసుడిలా కనిపించే నా జీపు, వాన పడ్డ రోడ్డు మీద పక్కింటివాళ్ల చిన్న కారు కంటే అధ్వానం. ఆ రోజు నుంచి వానలో నేను అందరికంటే మెల్లగా పోతాను. ముందు బండికి బారెడు కాదు, బోలెడు దూరం వదులుతాను. వెనకవాళ్లు తిడతారు. వాళ్ల నోరు, వాళ్ల ఇష్టం.

మా ఎదురు ఫ్లాటు అమ్మాయి సంగతి ఇప్పుడు చెప్పాలి. వాళ్లది గోపన్‌పల్లే. అపార్ట్‌మెంట్లు రాకముందు నుంచీ ఈ ఊళ్లోనే ఉన్న కుటుంబం. నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. మాదాపూర్‌లో మా పక్క బిల్డింగులో ఉద్యోగం. బండి నడపడంలో ఆమెను మించినవాళ్లు మా టవర్‌లో లేరు. సెల్లార్ వంపులో జీపును రివర్స్‌లో ఎక్కించడం నాకు నేర్పింది ఆమే.

కిందటేడు వానాకాలంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆమె కారు జారి డివైడర్‌ను కొట్టుకుంది. ఒక్కతే ఉంది. చెయ్యి విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతికింది, భయం మాత్రం అతుక్కునే ఉండిపోయింది. కారు ఎక్కితే చాలు, చెమటలు పట్టేవి. క్యాబ్ ఎక్కి మొదటి సిగ్నల్ దగ్గరే దిగి ఇంటికి నడిచి వచ్చిన రోజులున్నాయి. మెట్రో మా వైపు లేదు. కొన్నాళ్లు ఇంటి నుంచే పని చేసింది. తర్వాత ఆఫీసువాళ్లు వారానికి మూడు రోజులు రావాల్సిందేనన్నారు. రాలేకపోతే మానేయమని మర్యాదగా చెప్పారు. ట్రైనీగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, ఒక టీముకు పెద్ద అయిన పిల్ల. ఆ ఉద్యోగం చేజారిపోతుంటే కళ్లారా చూస్తూ కూర్చుంది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున నేను జీపు తీస్తుంటే సెల్లార్‌లో ఎదురైంది. నా ముందు చక్రాన్ని చూస్తూ నిలబడింది.

"అక్కా, గీ టైర్లు జూస్తుంటేనే ధైర్యం అయితుంది. గివి జారవు గద?"

అప్పటికి నాలుగు నెలల ఎండ ముందుంది. ఎండిన రోడ్డు మీద, చూసుకుని నడిపితే, నా టైర్లతో చప్పుడు తప్ప పెద్ద చిక్కేమీ లేదు.

"ఎండలో నేను నడిపితే యాడికీ జారవు. ఎక్కు పాపా," అన్నాను.

ఎక్కింది. మొదటి వారం వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. తర్వాత కళ్లు తెరిచింది. ఉగాది నాటికి ముందు సీట్లోకి వచ్చింది. మే నెలలో గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర ఆటోవాడు దూసుకొస్తే నాకంటే ముందు ఆమే వాడిని తిట్టింది. ఎవరైనా అడిగితే మా అక్క బండి టైర్లు రోడ్డును ఇడ్వయ్ అని గొప్పగా చెప్పేది. వాన పడకముందే అసలు సంగతి చెప్పాలని నాకూ ఉండేది. చెప్తే ఈ పిల్ల మళ్లీ తలుపేసుకుని ఇంట్లో కూర్చుంటుందేమోనని దిగులుగానూ ఉండేది. జూన్ దాకా ఆగుదామనుకున్నాను.

జూన్ నా కోసం ఆగలేదు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడేసరికి ఆకాశం తేటగానే ఉంది. కొత్తగూడ దాటేలోగా కుండపోత. ఐటీ కంపెనీలన్నీ ఒక్కసారే వదిలినట్టు రోడ్డంతా ఎర్ర దీపాలే. నేను ఎడమ పక్కకు చేరి, రెండో గేరులో, ముందు కారుకు దూరంగా పోతున్నాను. వెనక నుంచి హారన్లు.

"అక్కా, ఏంది గింత మెల్లగ పోతున్నవ్? అందరు తిడుతున్నరు."

"తిట్టనీ."

"నీ టైర్లకు వానేం లెక్క? జర పోనియ్యరాదూ."

అడగనప్పుడు ఊరుకోవడం వేరు. అడిగాక అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. అదీగాక, ఆమె ప్రాణం కూడా ఆ జీపులోనే ఉంది.

"నీకొక మాట చెప్పల్ల పాపా. ఈ టైర్లు బురదలోనే పులి, తడి తారు మీద పిల్లి. నీ పాత కారు ఆగే చోట ఇది ఆగదు, ఇంకా ముందుకు జారతాది. అందుకే ఇంత మెల్లగా పోతాండా."

"మజాక్ చేస్తున్నవా?"

"మజాక్ కాదు. నేనే బ్రేకు తొక్కి చూసినా."

ఆమె చెయ్యి పక్కనున్న పిడిని పట్టుకుంది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎండాకాలంలో అవసరం పడలేదు. వానలో అడిగినావు, చెప్పినా."

"బండి ఆపు."

ఎడమ పక్కన పెట్రోల్ బంకు కనిపిస్తే లోపలికి తిప్పి, రేకుల కింద ఆపాను. తలుపు తోసుకుని దిగిపోయింది. గాలి గొట్టం దగ్గర నిలబడి, రెండు చేతులూ కట్టుకుని, రోడ్డు వైపు చూస్తోంది. నాలుగు నెలలు కష్టపడి ముందు సీటు దాకా తెచ్చుకున్న పిల్లను ఒక్క మాటతో దించేశాను. రేపు పొద్దున రాజీనామా రాసేస్తుంది. ఇక్కడి నుంచి ఇంటికి ఈ వానలో నడిచే పోతానంటుంది, పోనూ పోతుంది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం నాకు అనిపించలేదు. నిజం అదే.

కాసేపటికి జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. నా పక్క ముందు చక్రం దగ్గర వంగి, నీళ్లు కారుతున్న సందులో వేలు పెట్టి చూసింది. తర్వాత వచ్చి నా కిటికీ అద్దం మీద తట్టింది. అద్దం దించాను.

"దిగు."

"ఎందుకు?"

"ఇన్ని దినాలు టైర్లను నమ్ముకోని ఎక్కిన. గవి పట్టయంటున్నవ్. ఇగ మనిషినే నమ్ముకోవాలంటే, ఆ మనిషి నేనే అయిత. నువ్వు పక్కకు జరుగు."

జీపు తాళాలు నేను మా ఆయనకే ఇవ్వను.

"చేతులు వణుకుతాండాయి నీకు," అన్నాను.

"వణకనీ. ఊకె కూసుంటేనే ఎక్కువైతయి."

దిగి అటు వైపు వెళ్లాను. ఆమె ఎక్కి సీటు ముందుకు లాక్కుంది, అద్దాలు సరిచేసుకుంది, చున్నీతో అరచేతులు తుడుచుకుంది.

"గేరుతోనే వేగం తగ్గించు. బ్రేకు మీద కాలు మెల్లగా..."

"అక్కా, నాకు చెప్తున్నవా?"

సీటు బెల్టు లాగి పెట్టుకున్నాను.

వాన కొంచెం తెరిపిచ్చింది. ఆమె బంకు లోంచి బయటికి వచ్చి, రెండు కార్లను పోనిచ్చి, మూడోదాని వెనక చేరింది. ముందు ఖాళీ వదిలింది. ఆ ఖాళీలోకి ఒక ఆటో దూరింది. ఏమీ అనకుండా మళ్లీ వెనక్కి తగ్గింది. బైకువాడు దూరాడు. మళ్లీ తగ్గింది. పక్క సీట్లో కూర్చుంటే నా జీపు ఇంత ఎత్తుగా, ఇంత పొగరుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. లేని బ్రేకును నా కుడికాలు తొక్కుతూనే ఉంది. నాకు భయం వేసింది. మామూలు భయం కాదు.

ఫ్లైఓవర్ ఎక్కాం. దిగే వాలులో ముందున్న బండ్లన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. నేను డాష్‌బోర్డు పట్టుకున్నాను. ఆమె కాలు అప్పటికే యాక్సిలరేటర్ మీద లేదు. గేరు దిగింది, ఇంజను మూలిగింది, టైర్లు ఒక్కసారి కొద్దిగా జారి, సర్దుకుని, నిలబడ్డాయి. ముందు కారుకూ మాకూ మధ్య ఇంకా ఒక బండి పట్టేంత చోటుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుంటే ఆమెకు కనిపిస్తుందని అలాగే వదిలేశాను.

ముందు బండ్లు కదిలాయి. ఆమె తొందరపడలేదు. వెనకున్న పెద్ద కారువాడు హారన్ మీద చెయ్యి తీయకుండా మోగించడం మొదలుపెట్టాడు. ఆమె అద్దం పూర్తిగా దించి, వానలోకి మోచేతి దాకా చెయ్యి చాచింది. విరిగి అతికిన చెయ్యి అదే.

"ఆగు భై, ఆగు!" అని గట్టిగా కేకేసింది. "నేను గింతే పోత!"