సంతోషమ్మ కంప్యూటరు మతిమరుపు

ఐరాల ధరణి 1982 ఆగస్టులో పుట్టింది. కంప్యూటర్ టైపింగు మాత్రం 1980 జనవరి ఒకటో తేదీన, ఫస్టు క్లాసులో పాసయింది. సర్టిఫికెట్టు కింద గుండ్రటి ముద్ర, దాని పక్కన 'సంతోషమ్మ, ప్రిన్సిపాల్' అని నీలిసిరా సంతకం, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. తిరుపతిలో ఒక ట్రావెల్స్ ఆఫీసు మేనేజరు ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మూడోసారి చదివాడు.

"అమ్మ కడుపులో పడకముందే పాసైనావు. స్పీడు బాగానే ఉండాదమ్మా" అన్నాడు. "రేపు పది గంటలకు అసలైన సర్టిఫికెట్టు తెస్తే ఉద్యోగం నీదే. లేదంటే బయట బెంచీ మీద ఇంకో అమ్మాయి కూర్చుని ఉండాది."

ధరణి అప్పటికప్పుడే చిత్తూరు బస్సెక్కింది. ఆ సోమవారం రెండు గంటలకు గిరింపేటలో మేడమెట్లెక్కి, కాగితాన్ని సంతోషమ్మ ముందు పెట్టింది. సంతోషమ్మ తేదీ చూసింది. తన సంతకం చూసింది. మళ్ళీ తేదీ చూసింది. కుర్చీలో ఉన్నదల్లా లేచి నిలబడి, ఎందుకు లేచిందో తెలియక మళ్ళీ కూర్చుంది.

సంతోషమ్మ సొంతూరు కార్వేటినగరం. భర్త బస్సు డ్రైవరు, డ్యూటీ మీద వారంలో నాలుగు రోజులు ఊళ్ళోనే ఉండడు. పందొమ్మిదేళ్ళుగా ఆమె తానుండే ఆ మేడమీదే టైపు నేర్పుతోంది. పిల్లలు కీబోర్డు వంక చూస్తారేమోనని వాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పే మనిషి. ఆమె చేతుల మీదుగా వెళ్ళిన సర్టిఫికెట్లలో కొట్టివేత ఉండేది కాదు, తేదీ తప్పేది కాదు. ఎందుకంటే ప్రతి తేదీనీ తనే, ఒక్కో అంకె వేలితో నొక్కి కొట్టేది. ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరొకటి మేడమీదికి వచ్చాకే ఆ పని మానింది. తేదీ అదే వేసుకుంటుందని చెప్పినవాడు సునీల్‌కుమార్.

సునీల్‌ది కూడా కార్వేటినగరమే. ఆమె దగ్గరే టైపు నేర్చుకుని, తర్వాత కంప్యూటర్లు బాగుచేసే పనిలో పడ్డాడు. చిత్తూరు పక్కనే మురకంబట్టులో గది తీసుకుని ఉంటున్నాడు. కంప్యూటరును మెట్ల మీదుగా మోసుకొచ్చి, తీగలు తగిలించి, కొబ్బరికాయ కొట్టబోయి, ఎవరింట్లో ఉన్నాడో గుర్తొచ్చి ఆగి, "అక్కా, నువ్వు ప్రార్థన చేసుకో" అన్నవాడు.

నెల తిరగకుండానే ఆ మెసేజు మొదలైంది. పొద్దున స్విచ్చి వేయగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: తేదీ, సమయం సరిగా లేవు, ముందుకు పోవడానికి ఎఫ్ వన్ నొక్కండి. సునీల్‌కు ఫోను చేస్తే బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. పెట్టె మూత తీసి, లోపల ఉఫ్ అని ఊది, తేదీ సరిచేసి మూత పెట్టాడు.

"పాత బండి కదక్కా, మతిమరుపు. ఏం గాదు, ఎఫ్ వన్ కొట్టి ముందుకు పో. తేదీ నువ్వే సరిచేసుకో" అన్నాడు.

భోజనాల వేళ. మన ఊరి పిల్లోడు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. సునీల్ మూడు ముద్దలు తిన్నాడు. గురువారం పొద్దున మెసేజు మళ్ళీ వచ్చింది. తర్వాతి బుధవారం సునీల్ మళ్ళీ వచ్చాడు.

నాలుగు నెలలు ఇదే వరస. ఈలోగా సంతోషమ్మ తనకు తోచిన వైద్యాలన్నీ చేసింది. కంప్యూటరును కిటికీ దగ్గర నుంచి గోడవైపు జరిపింది. ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పింది. స్విచ్చి గట్టిగా వేయడం వల్ల అదిరిపోతోందేమోనని నిద్రపోతున్న పసిబిడ్డను తట్టినట్టు వేయడం మొదలుపెట్టింది. ఏదీ పనిచేయలేదు. ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన మనవుల చీటీ రాసి వేసింది. పాస్టరుగారు దాన్ని అందరి ముందు గట్టిగా చదివారు: "సంతోషమ్మగారి కంప్యూటరు జ్ఞాపకశక్తి కొరకు." వెనక వరసలో ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పటినుంచి ఆమె ముందు వరసలో కూర్చోవడం మానేసింది.

ఇంత చేసినా, తప్పు తన చేతుల్లోనే ఉందేమోనన్న అనుమానం పోలేదు. ధరణి సర్టిఫికెట్టు తీసిన రోజు కరెంటు పోయి వచ్చింది. సంతోషమ్మ అలవాటుగా ఎఫ్ వన్ కొట్టింది, తేదీ సరిచేయడం మర్చిపోయింది. వచ్చిన కాగితం మీద, కంప్యూటరును నమ్మి, చదవకుండా సంతకం పెట్టింది. ధరణి తన పేరులో అక్షరాలు మాత్రమే చూసుకుంది.

సునీల్‌కు ఆ సోమవారమే ఫోను చేసింది. "పలమనేర్లో ఉండానక్కా, బుధవారం వస్తా కదా" అన్నాడు.

బుధవారం దాకా ఆగే పని కాదు. తనే మూత ఊడదీసింది. లోపల ఏముందో అర్థం కాక, మెట్ల కింద వాచీలు బాగుచేసే మునిరామయ్యను పిలిచింది. సన్నటి పనిముట్లున్న మనిషి అతనొక్కడే. మునిరామయ్య కంటికి భూతద్దం బిగించుకుని లోపలికి వంగాడు.

"ఇదేందమ్మా, ఈడ బిళ్ళ ఉండాది" అన్నాడు. రూపాయంత గుండ్రటి బ్యాటరీని సూదిమొనతో పైకి లేపి, మీటరు మీద పెట్టి చూశాడు. "సచ్చిపోయి శానా కాలమైంది. కరెంటు తీసేస్తే తేదీ గుర్తుపెట్టుకునేది ఇదే గదా."

"నీకెట్లా తెలుసన్నా?"

"మీ సునీలే చెప్పినాడు. ఈ బిళ్ళలు నా కాడే కొంటాడు. దర్గా కాడ జిరాక్సు అంగడికి ఏసినాడు, మందులంగడికి ఏసినాడు. మొన్న గూడా రెండు తీసకపోయినాడే." భూతద్దం తీసి ఆమె ముఖం చూశాడు. "నీకు ఎయ్యలేదా?"

సంతోషమ్మ చచ్చిన బిళ్ళను తీసుకుని ఒక కాగితం ముక్కలో పెట్టుకుంది. మునిరామయ్య కిందికి వెళ్ళి కొత్త బిళ్ళ తెచ్చి వేశాడు. నిమిషం పట్టింది. తేదీ పెట్టి, కరెంటు తీసేసి, వంద లెక్కపెట్టి మళ్ళీ వేశారు. మెసేజు రాలేదు. నాలుగు నెలల ఊదడాలు, గుడ్డలు, ప్రార్థన చీటీ, అన్నీ కలిపి ఒక్క బిళ్ళ. ఆమెకు కంప్యూటరు మీద కోపం రాలేదు. పాపం, అది రోజూ పొద్దున నిజమే చెబుతూ వచ్చింది. వినొద్దని చెప్పినవాడు వేరే.

కంప్యూటరు బాగైనా, ధరణి సర్టిఫికెట్టు మాత్రం మూలనున్న పాత టైపు మిషను మీదే కొట్టింది. తేదీలో ఒక్కో అంకెనూ వేలితో నొక్కింది. మంగళవారం తెల్లవారుజాము బస్సుకు, ధరణి రోజూ సంతకం పెట్టిన హాజరు పుస్తకం సంచీలో పెట్టుకుని, తనే పిల్లను తిరుపతి తీసుకెళ్ళింది.

"తప్పు కంప్యూటర్ది కొంచెం, నాది శానా" అంది మేనేజరుతో. "దానికి సంతకం పెట్టడం రాదు సార్. పెట్టింది నేనే."

మేనేజరు హాజరు పుస్తకం తిరగేసి, ధరణిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఒక పేజీ కొట్టించుకుని చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకోవాల్సిన అవసరం రాలేదు. "సోమవారం నుంచి రామ్మా" అన్నాడు. చిత్తూరు వచ్చేదాకా సంతోషమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మేనేజరు ముందు తల దించుకున్నందుకు కాదు. మన ఊరి పిల్లోడని, ప్రతి బుధవారం సునీల్‌కు పెట్టిన మూడు ముద్దల్లో రెండు తన కంచంలోంచి తీసి పెట్టినందుకు.

బుధవారం ఒంటిగంటకు సునీల్ వచ్చాడు. అప్పటికే కంచం పెట్టి ఉంది.

"మళ్ళీ వచ్చిందా అక్కా ఆ మెసేజు?"

"నువ్వే సూడు."

స్విచ్చి వేశాడు. తెర వెలిగింది, మెసేజు లేదు. మూలన ఆ రోజు తేదీ, సరైన సమయం. సునీల్ మూత మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కీబోర్డు పక్కన కాగితం ముక్కలో చచ్చిన బిళ్ళ కనిపించింది.

"మునిరామయ్యన్న ఏసినాడు" అంది సంతోషమ్మ. "ధరణి సర్టిఫికెట్లో పుట్టకముందు తేదీ పడింది. ఆ పిల్ల ఉద్యోగం పోయుంటే ఏం చేసేవాడివిరా?"

సునీల్ కంచం వంక చూసి అన్నాడు. "మెస్సులో తిండి గొంతు దిగదక్కా. బిళ్ళేస్తే నువ్వింక పిలవవు గదా అనుకున్నా."

"ఆకలని ఒక్క మాటంటే పెట్టనా? రోజూ పొద్దున దాని ముందర కూర్చుని, నా చేతులే చెడిపోయినాయేమో అనుకుంటిని. నాలుగు నెలలు."

సునీల్ లేవబోయాడు. ఆమె కంచం అతని ముందుకు జరిపింది. ఎప్పటిలాగే మూడు ముద్దలు, పక్కన ఊరిబిండి. తలెత్తకుండా ఒక ముద్ద తుంచి, అద్దుకుని, నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"అక్కా, ఊరిబిండిలో ఉప్పు లేదే."

"ఏం గాదు, ఎఫ్ వన్ కొట్టి ముందుకు పో."