గట్టు దాటని గీతలు

మా పెద్దసారు విదేశంలో కొన్నాళ్ళు శిక్షణ వెలగబెట్టి వచ్చాడు. అక్కడ ఏం నేర్చుకున్నాడో ఆ దేవుడికే ఎరుక. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి రావాలని మాత్రం మాకు నేర్పాడు.

ఎనభైల్లో బెంగళూరులో చెరువుల పటాలు తయారుచేసే ఆఫీసు మాది. ఆర్నెల్లకోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం నాది. ఢిల్లీ నుంచి వచ్చే అధికారికి తెరమీద ఒక చెరువు చూపించి మెప్పిస్తే ఖాయం చేస్తామన్నారు. ఇక నాకు అదే లోకమైంది.

మారతహళ్ళి వైపు చెరువు అది. నీళ్ళున్నచోటంతా అడ్డగీతలతో నింపాలి, ఒక్క గీతా గట్టు దాటకూడదు. నలుచదరపు గడి దాటకుండా గీతను కత్తిరించడం ఎవడైనా చేస్తాడు. ఈ చెరువేమో వంకరటింకర. ఒకే గీత నీళ్ళలో దిగి, ఒడ్డెక్కి, ఊరు దాటి, మళ్ళీ నీళ్ళలో పడుతుంది. అది గట్టును ఎక్కడెక్కడ తాకుతుందో లెక్కగట్టి, బయటి ముక్కల్ని తీసేసే ప్రోగ్రాం రాశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. కాకపోతే నిదానం. బొమ్మ పూర్తయ్యేలోపు కాఫీ తాగి రావచ్చు.

"ఏమ్మా, చెరువు ఎంతుండాదో అంత కత్తిరించేదానికి ఇంత లెక్క కావాల్నా?" అన్నాడు పెద్దసారు. ఏడ్చినట్టుంది తెలివి అనుకున్నాను.

అధికారి వచ్చే రోజు పొద్దున్నే వెళ్ళి చూద్దును కదా, తెర అద్దానికి నల్ల అట్ట అతికించి ఉంది. మధ్యలో చెరువు ఆకారంలో కంత. దాని వెనక గీతలు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఇష్టమొచ్చినట్టు పోతున్నాయి. పెద్దసారు నా ప్రోగ్రాం తీసి పారేశాడు! ఒళ్ళు మండిపోయింది.

అధికారి వచ్చాడు, చూశాడు, మురిసిపోయాడు. "కొంచెం పక్కకు జరపండి," అన్నాడు ఇంగ్లీషులో. పెద్దసారు మీట నొక్కాడు. గీతలు జరిగాయి, చెరువు జరగలేదు.

"చెరువు ఎక్కడికి పోతుంది సార్, అది ప్రభుత్వానిది," అన్నాడు పెద్దసారు, అదే ఇంగ్లీషులో, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

నేనిక ఆగలేకపోయాను. "సార్, అది అట్ట," అన్నాను.

"కనబడుతూనే ఉందమ్మా," అన్నాడు అధికారి. "ఎంత చవక! ఎంత వేగం!"

ఛీ! దొందూ దొందే.

వారం తిరక్కుండా నా ఉద్యోగం ఖాయమైంది. ఇంట్లోవాళ్ళు వీధంతా మైసూర్‌పాక్ పంచారు. మర్నాడు పెద్దసారు నా బల్లమీద కత్తెర, కొత్త అట్టల కట్ట పెట్టాడు.

"నీ చెయ్యి కుదురుగా ఉండాది. మిగిలిన చెరువులు నువ్వే కొయ్యమ్మా," అన్నాడు.