టోపీ కింద మొక్కు

ఆ రోజుల్లో నా భయమంతా కడుపులో ఉండేది. ఇప్పటి పిల్లలు దానికి టెన్షననీ, స్ట్రెస్సనీ రకరకాల పేర్లు పెట్టి, ఫోనులో పాఠాలు విని, ముక్కు మూసుకుని గాలి పీల్చి ఎట్లాగో లొంగదీసుకుంటున్నారు. మాకు అన్ని దారులు తెలియవు. తిరుపతిలో పుట్టిన వాళ్ళం కాబట్టి ఒకే దారి తెలుసు, మొక్కుకోవడం. పదో తరగతి లెక్కల పరీక్షకు ముందు గుండు మొక్కాను. ఇంటరుకు మొక్కాను. డిగ్రీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి ఒకటి, ఉద్యోగం ఇంటర్వ్యూకి ఒకటి. అన్నీ గట్టెక్కాయి. మొక్కులు మాత్రం ఒక్కటీ తీర్చలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో రైళ్ళెక్కి రాత్రింబగళ్ళు ప్రయాణం చేసి వచ్చి మొక్కు తీర్చుకుని పోతుంటారు గానీ, మేడ మీదికి ఎక్కితే కొండ కనబడే మాకు ఆ తొందర ఉండదు. కొండ ఎక్కడికి పోతుంది, వచ్చే వారం పోదాంలే అనుకుంటాం. (ఆ వచ్చే వారం ఇంతవరకూ మా వీధిలో చాలామందికి రాలేదు.)

అప్పుడు నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో ట్రైనీగా ఉన్నాను. తోతాపురి కాయల సీజను ఉన్నన్నాళ్ళే ఉద్యోగం. అది అయిపోయాక ట్రైనీలలో ఒక్కరినే పర్మనెంటు చేస్తారు, మిగతా వాళ్ళు ఇంటికి పోవలసిందే. మా మేనేజరుకు మేము పెట్టుకున్న పేరు ‘మెల్లగా సార్’. లారీ వెనక్కి వస్తున్నా, బాయిలరు బుసకొడుతున్నా ‘మెల్లగా, మెల్లగా’ అనేవాడు గానీ, అందరికంటే ముందు కంగారుపడేది ఆయనే. ఒకరోజు పిలిచి, సోమవారం గుజరాత్ నుంచి పెద్ద కొనుగోలుదారు వస్తున్నాడనీ, ఫ్యాక్టరీ అంతా తిప్పి ఇంగ్లీషులో వివరించే పని నాదేననీ, అది సరిగ్గా జరిగితే ఆ పర్మనెంటు నేనేననీ చెప్పాడు.

ఇంగ్లీషు నాకు చదవడానికి వచ్చు, రాయడానికీ వచ్చు. నోటిదాకా వచ్చేసరికి మాత్రం వెనక్కి తిరిగిపోయేది. ఆ వారమంతా ఫ్యాక్టరీ వెనకాల రాశిపోసిన కాయల ముందు నిలబడి ‘గుడ్ మార్నింగ్ సర్, వెల్కమ్ సర్’ అని సాధన చేశాను. లారీ డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని శ్రద్ధగా వినేవారు. ఇంట్లో స్నానాల గదిలో చేస్తుంటే మా నాయన తలుపు కొట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అన్నం సహించడం మానేసింది. రాగిసంగటిలో వేరుశనక్కాయల పచ్చడి వేసి పెట్టినా ముద్ద దిగలేదు. మా ఇంట్లో అంతకంటే పెద్ద జబ్బు లేదు.

ఇక లాభం లేదని, తిరుచానూరులో గుడి దగ్గర పూలమ్మే మా అత్త (నాయనకు అక్క) దగ్గరికి పోయి, ఈ సోమవారం గట్టెక్కితే గుండు కొట్టించుకుంటానని మొక్కుకుంటున్నట్టు చెప్పాను. ఆమె మాల కడుతున్న చెయ్యి ఆపలేదు.

“పదికి మొక్కితివి, ఇంటరుకు మొక్కితివి, ఉద్యోగానికీ మొక్కితివి. ఒక్కటన్నా తీరిస్తివా? పాతవి అట్టనే పెట్టుకోని కొత్తది మొక్కితే స్వామి యాడ వింటాడ్రా?” అనింది.

నిజమే కదా అనిపించింది. పాతవన్నీ తీర్చకుండా కొత్తది చెల్లదన్నమాట. అయితే ఉన్నది ఒకటే తల, మొక్కులు నాలుగు. దానికీ ఆమే తీర్పు చెప్పింది. ఒక గుండుతో పాతవన్నీ చెల్లిపోతాయి, స్వామి పెద్ద మనసు చేసుకుంటాడు, సోమవారానిది మాత్రం పని అయ్యాక వేరుగా ఇచ్చుకోవాలి.

ఆదివారం నాయనతో కలిసి కొండెక్కాను. ఆయన ఆ ఘాట్ రోడ్డు మీదే బస్సు నడిపి రిటైరయిన మనిషి. బస్సులో నా పక్కన కూర్చుని, డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా తన కాలు కూడా నొక్కుతున్నాడు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి ‘వెల్కమ్ సర్’ అని గొణుక్కుంటున్నాను. కొంతసేపు విని, నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

“నేను ఇన్నేండ్లు ఈ దావలో బండి తోలినా. మలుపులన్నీ ఒకేసారి తలుసుకుంటే ఎవుడూ స్టీరింగు పట్టుకోలేడప్పా. ముందరొచ్చే మలుపు సూసుకో, తిప్పుకో. దాని తరవాతది ఆడికి పోయినాక సూసుకుందువులే.”

మాట బాగానే ఉంది గానీ ఆ పూట నాకు ఎక్కలేదు. కల్యాణకట్టలో కూర్చుని తల వంచాక, ఒళ్ళో రాలుతున్న రింగుల జుట్టును చూస్తే దుఃఖం వచ్చింది. నా జుట్టు అప్పట్లో బుట్టంత ఉండేది. మా ఫ్యాక్టరీలో ఒక్క వెంట్రుక కూడా గుజ్జులో పడకూడదని ఎవరి తలకు వాళ్ళకు కొలత తీసి గుడ్డ టోపీ కుట్టిస్తారు. నాకు కొలత తీసిన టైలరు ఇది టోపీనా, దిండు గలేబానా అని అడిగాడు. ఆ సంగతి నాకు కల్యాణకట్టలో గుర్తు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున గుండుకు గంధం పట్టించుకుని ఫ్యాక్టరీకి పోతే, వాచ్‌మన్ మొదలుకుని అందరూ ఒకటే పని చేశారు, లడ్డుకోసం అరచెయ్యి చాపారు. (మా వైపు గుండు కనబడితే ఇంకో ప్రశ్న ఉండదు.) మెల్లగా సార్ ఒక్కడే లడ్డు కూడా అడగకుండా నన్ను ఎగాదిగా చూసి, వచ్చేవాళ్ళు ఏమనుకుంటారో ఏమో, ఆ టోపీ మాత్రం తీయవద్దన్నాడు. టోపీ పెట్టుకున్నాను. అది నేరుగా కనుబొమల మీదికి వచ్చి ఆగింది.

కొనుగోలుదారు వచ్చాడు. నలభై దాటిన లావుపాటి మనిషి, మేమిచ్చిన టోపీ పెట్టుకుని, ఎక్కడా నవ్వకుండా చూస్తున్నాడు. నేను ‘గుడ్ మార్నింగ్ సర్’ అన్నాను, టోపీ కళ్ళ మీదికి జారింది. పైకి తోశాను. ‘వెల్కమ్ సర్’ అన్నాను, మళ్ళీ జారింది. కాయలు కడిగే తొట్టి దగ్గరికి వచ్చేసరికి ఒక చేత్తో టోపీని, ఇంకో చేత్తో ధైర్యాన్ని పట్టుకుని నడుస్తున్నాను. కాయ ఎలా పండిందో చూపించడానికి రెండు చేతులూ కావలసి వచ్చింది. వంగి కాయ తీశాను. టోపీ జారి తొట్టిలో పడి, తోతాపురి కాయల మధ్య తెల్లగా తేలుతూ పోయింది.

లైనులో అందరూ పని ఆపేశారు. మెల్లగా సార్ నోట ‘మెల్లగా’ అనే మాట కూడా రాలేదు. పసుపుపచ్చని గుండుతో, చేతిలో కాయతో నిలబడి, ఉద్యోగం కూడా ఆ టోపీ వెంటే పోయిందనుకున్నాను. ఆ పెద్దమనిషి నా తల వైపు చూశాడు. తరువాత నిదానంగా తన టోపీ తీశాడు.

లోపల నున్నటి గుండు, దాని మీద నాకంటే దట్టంగా గంధం.

ఆదివారమే కొండకు పోయాడట. నువ్వు ఎప్పుడు వెళ్ళావు, క్యూలో ఎంతసేపు నిలబడ్డావు అని అడిగాడు. నేను చెప్పాను. లడ్డు కౌంటరు దగ్గర తోపులాట గురించి ఆయన చెప్పాడు, ఘాట్ రోడ్డు గురించి, మా నాయన గురించి నేను చెప్పాను. కొంతసేపటికి గానీ నేను ఇంగ్లీషులో మాట్లాడుతున్నానన్న సంగతి నాకు తెలియలేదు. ఈ ఫ్యాక్టరీ గుజ్జులో వెంట్రుకలు పడే భయం లేదని నా తల చూపించి నవ్వాడు. ఆపైన గుజ్జు యంత్రం వచ్చింది, దాని సంగతి చెప్పాను. బాయిలరు వచ్చింది, దాని సంగతి చెప్పాను. మలుపు వెనక మలుపు, అంతే. (తొట్టిలో నీళ్ళు మాత్రం మొత్తం మార్పించాడు, మనిషి మంచివాడే గానీ పనిలో గట్టివాడు.)

భోజనాల దగ్గర మాత్రం గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు. కంపెనీ తరఫున ఒంటరిగా కొనుగోలుకు రావడం తనకూ అదే మొదటిసారట. సరుకు తేడా వస్తే తన ఉద్యోగమూ ఉండదట. నిద్ర పట్టక, భయపడి, ముందు కొండకు పోయాడట. ఆ మాట విన్నాక నా కడుపులోని భయం ఎక్కడికి పోయిందో తెలియదు. ఆకలి మాత్రం తెలిసింది. మూడు సార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఆర్డరు వచ్చింది, ఉద్యోగం పర్మనెంటయింది. అత్త అందరికంటే ముందు సంతోషించి, అందరికంటే ముందు గుర్తుచేసింది కూడా: సోమవారం మొక్కు ఇంకా ఉందని. జుట్టు కాస్త రానీ అత్తా అన్నాను. వచ్చాక, పెళ్ళి కానీ అన్నాను. ఆ తరువాత, కొండ ఎక్కడికి పోతుంది అన్నాను.

ఇప్పుడు మెల్లగా సార్ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మొన్న సీజనులో, కొనుగోలుదారుల ముందు మాట్లాడవలసిన ఒక ట్రైనీ అమ్మాయి గోడ వైపు తిరిగి ‘గుడ్ మార్నింగ్ సర్’ అని గొణుక్కుంటుంటే, మా నాయన మలుపుల మాట చెప్పాను. ఆయన లేడు గానీ, మాట ఇంకా బండి నడుపుతూనే ఉంది. ఆ అమ్మాయి కొంచెం కుదుటపడి, “మీకెప్పుడూ భయం వెయ్యలేదా సార్?” అని అడిగింది. జవాబు చెప్పబోతూ అలవాటుగా తల నిమురుకున్నాను. చేతికి ఏమీ తగలలేదు. ఆ బుట్టంత రింగుల జుట్టులో ఇప్పుడు చెవుల దగ్గర నాలుగు పోగులు మిగిలాయి. నేను కొండకు పోలేదని, స్వామే కిందికి దిగి వచ్చి, ఏడాదికి కొంచెం చొప్పున, నాకు నొప్పి తెలియకుండా సోమవారం మొక్కు తీసుకుని పోయాడు.