తలుపులో నిలిచిన నీళ్లు

కొన్నేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. చెబితే నవ్వుతారేమో, పాత కారు వాసన గురించి ఇంత బాధా అంటారేమో. మీరు నవ్వకుండా వింటారనిపించి రాస్తున్నాను.

కెనడాలోని సార్నియాలో చదువుకునే రోజులు. ప్రతి సెమిస్టర్‌కూ మనవాళ్లు గుంపులుగా దిగుతున్న కాలం. బస్సులు తక్కువ కాబట్టి కారున్నవాడే పెద్దమనిషి. మేం ముగ్గురం కలిసి అద్దెకున్న ఇంట్లో ఆ కారు నాది. కరీంనగర్ మహేందర్, ఒంగోలు వైపు నుంచి వచ్చిన నాగరాజు, ఇద్దరూ కాలేజీకీ పనికీ నాతోనే వచ్చేవారు. నాగరాజు ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగేవాడు.

మొదటి చలికాలానికి ముందు కారు కడుగుతూ తలుపుల అడుగున సన్నటి రంధ్రాలు చూశాను. తుప్పు తినేసిందనుకున్నాను. రోడ్ల మీద చల్లే ఉప్పు అందులోంచి లోపలికి పోతుందని సిలికాన్ తెచ్చి అన్నీ మూసేశాను. ఎవరినీ అడగలేదు. పైగా ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. అద్దం పక్క నుంచి తలుపులోకి దిగిన నీళ్లు బయటికి పోవడానికే ఆ రంధ్రాలు ఉంటాయని నాకు తెలియదు. అది తెలియనితనం. తప్పు తర్వాత చేశాను.

మంచు పడ్డాక కారులో మురుగు వాసన మొదలైంది. అద్దాలు దించుదామంటే తలుపులో నీళ్లు గడ్డకట్టి పట్టేసేవి. హీటర్ వేస్తే వాసన ఇంకా పెరిగేది. ముగ్గురం అందులోనే ఊపిరి బిగబట్టుకుని కూర్చునేవాళ్లం. మహేందర్ వేళాకోళమంతా నాగరాజు జాకెట్ మీదే.

కాస్త ఎండ కాసిన ఒక మధ్యాహ్నం కాలేజీ పార్కింగ్‌లో వెనక తలుపు తీస్తుంటే లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది. కొబ్బరిబోండాం ఊపినట్టు. కింద కార్పెట్ నొక్కి చూశాను. తడి. వేళ్లకు అదే వాసన. అంతా అర్థమైంది.

ఆ సాయంత్రమే మహేందర్ మళ్లీ ఎత్తుకున్నాడు.

"ఏందిరా నాగరాజు, హోటల్ సింకు ఎంబడి తెస్తున్నవా? ఆ జాకెట్ ఉతుకవా?"

"నిన్ననే ఉతికా భయ్యా." నాగరాజు నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు చెప్పు. నిజంగా నా దగ్గరే వస్తందా?"

"కొంచెం చూసుకో నాగరాజూ," అన్నాను.

కొంచెం. ఎంత మెత్తగా అన్నానో. మహేందర్‌ది వేళాకోళం, నాది తీర్పు. నా మాట నమ్మాడు కాబట్టే మర్నాటి నుంచి కారెక్కలేదు. అయినా వాసన పోకపోతే, అతని వాసన సీటుకు పట్టేసిందన్నాడు మహేందర్.

ఒకరోజు దారిలో కనిపించాడు. మంచులో తల వంచుకుని నడుస్తున్నాడు. ఆపాలనుకున్నాను. ఆపితే ఎక్కుతాడు, ఎక్కితే నిజం చెప్పాలి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయలేదు. అలా నడిచి నడిచి పనికి ఆలస్యంగా చేరేవాడు. పని పోయింది. ఆ సెమిస్టర్ అయ్యాక చదువు వదిలేసి, బ్రాంప్టన్‌లో గోడౌన్ పనికి వెళ్లిపోయాడు.

అతను వెళ్లాకే సిలికాన్ తీశాను. స్క్రూడ్రైవర్ మొన పెట్టగానే నల్లటి నీళ్లు కారాయి. కార్పెట్ ఆరింది. "చూసినవా అన్నా, ఆడు పోయిండు, వాసన పోయింది," అన్నాడు మహేందర్. నేను నవ్వాను.

ముందే ఎందుకు తీయలేదు? చలికి బద్ధకించానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. కాదు. అతను ఇంట్లో ఉండగా ఆ నీళ్లు కారిస్తే చూసేవాడు, వాసన తనది కాదని తెలిసిపోయేది. అప్పుడు మరి ఎవరిదని నన్ను అడిగేవారు. అందుకని అతను పోయేదాకా ఆగాను. ఈ వాక్యం ఇన్నాళ్లూ నాలో నేను కూడా అనుకోలేదు.

పోయిన ఏడాది బ్రాంప్టన్‌లో ఒక మధ్యాహ్నం విందులో నాగరాజు కనిపించాడు. బాగానే పలకరించాడు. ఇంటి దగ్గర దింపుతాను, రమ్మన్నాను.

"వద్దులే అన్నా. వంటల దగ్గర నిలబడ్డా, బట్టలకి వాసన పట్టుంటది. బస్సులో పోతా."

అప్పుడైనా చెప్పాల్సింది. సరేనని తాళంచెవి తీసుకుని ఒక్కడినే వెళ్లి కారులో కూర్చున్నాను. ఎంతసేపటికీ స్టార్ట్ చేయలేకపోయాను.

అతనికి చెప్పలేనిది మీకు చెబుతున్నాను. అది చెప్పినట్టు కాదని తెలుసు. అయినా ఒక్కసారి పూర్తిగా రాయనివ్వండి. నాగరాజు దగ్గర ఏ వాసనా లేదు. ఆ రోజు అతను అడిగినప్పుడే నాకు తెలుసు.