చింతపండుతో తోమిన తుపాకీ

ఈ బరువును ఇన్నేళ్లుగా ఒక్కడినే మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. గదిలో పక్క మంచం మీద పడుకునేవాడికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. మధ్యలో తడబడితే తిట్టుకోకండి. దాచడం అలవాటైనంతగా చెప్పడం అలవాటు కాలేదు నాకు.

నాది రాయచోటి వైపు పల్లె. దోహాలో, మదీనత్ ఖలీఫాలోని ఒక విల్లాలో హౌస్ డ్రైవర్‌ని. ఇంటి యజమానిని మేమంతా బాబా అంటాం. మంచి మనిషి. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత తప్పు ఆయన మీదికి నెట్టే దారి నాకు ఉండకూడదని. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత తుపాకులు. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో గోడ నిండా పొడవాటి రైఫిళ్లు, అద్దాల బీరువాలో రివాల్వర్లు. దేంట్లోనూ తూటా ఉండదు. ఆయన వాటిని కాల్చడు, వేటకు పట్టుకుపోడు. ఊరికే చూసుకుంటాడు.

గోడకు నట్టనడుమ ఉండేది వాళ్ల తాత రైఫిల్. గొట్టం ముదురు గోధుమరంగుకు తిరిగింది. చెక్క మీద ఒక ఇత్తడి పట్టీ, ఆ పట్టీ మీద కత్తిమొనతో గీసిన గీతలు. తన ఒంటెలకు వేసే గుర్తునే ఆ తాత దాని మీద గీసుకున్నాడట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నా కంటికి అవి ఎవరో పిల్లలు గీకిన గీతల్లా ఉండేవి.

ఆ తుపాకుల్ని తుడిచే డ్యూటీ ఖాదర్ భాయ్‌ది. నిజామాబాద్ వైపు మనిషి, నాకంటే చాలా పెద్ద. మజ్లిస్‌లో గహ్వా కాఫీ పోసేది కూడా ఆయనే. నేను దోహాలో దిగిన కొత్తలో పక్కన కూర్చుని నాకు అన్నం పెట్టింది కూడా ఆయనే. మెత్తటి గుడ్డ మీద కాస్త నూనె వేసి, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు తుడిచేవాడు. వచ్చిన ప్రతి అతిథికీ బాబా ఆయన చేతులు చూపించి మెచ్చుకునేవాడు. నాకు కడుపు మండేది. ఎండలో పొద్దంతా బండి తోలేది నేను, మెప్పేమో ఏసీలో గుడ్డపేలిక పట్టుకుని తిరిగేవాడికా? నవ్వుకోండి, పర్వాలేదు. అంత చిన్న బుద్ధి నాది.

ఒక చలికాలంలో బాబా ఎడారిలో టెంట్లు వేసుకుని ఉండటానికి వెళ్లాడు. ఖాదర్ భాయ్‌కి జ్వరం వచ్చింది. మాత్రలు మింగి, లేస్తూ పడుకుంటూ మత్తుగా తిరుగుతున్నాడు. బాబా తిరిగొచ్చే రోజున నేను తివాచీ దులపడానికి మజ్లిస్‌లోకి వెళ్లాను. ఆ ఇత్తడి పట్టీ కంటబడింది. నల్లగా, చిలుము పట్టి ఉంది. మా ఇంట్లో ఇత్తడి చెంబు అట్లా కనిపిస్తే అమ్మకు తల కొట్టేసినంత పనయ్యేది. పండగకు ముందురోజు చింతపండు, ఉప్పు వేసి, చేతులు ఎర్రబడేదాకా తోమి ఎండలో బోర్లించేది. ఇంత పెద్ద ఇంట్లో ఇదేం మురికి, ఇదేనా ఆ బంగారు చేతుల పనితనం అనుకున్నాను. వంటింట్లోంచి చింతపండు తెచ్చాను. గిన్నెలు తోమే ఇనుప పీచు కూడా తెచ్చాను. పట్టీ తోమాను. గీతలు పోయేదాకా తోమాను. చెయ్యి ఆగలేదు, గొట్టం కూడా తోమాను. తుడిచి గోడకు పెట్టి చూసుకుంటే కొత్త చెంబులా తళతళలాడింది. ఎంత మురిసిపోయానో!

సాయంత్రం బాబా వచ్చాడు. నేను కావాలనే తలుపు దగ్గర నిలబడ్డాను. ఎవరు చేశారని అడుగుతాడు, నేనే బాబా అందామని మాట నాలుక చివర పెట్టుకున్నాను. అడగనైతే అడిగాడు. కానీ అడిగిన ముఖం వేరు. ఆ పట్టీ మీద వేళ్లతో వెతుకుతున్నాడు. ఉన్నదంతా పోగొట్టుకున్నవాడు వెతికినట్టు. అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుక చివరి మాట మింగేశాను. దాని బదులు, తుపాకుల డ్యూటీ ఖాదర్ భాయ్‌ది కదా బాబా అన్నాను.

అది అబద్ధమా? కాదు. డ్యూటీ ఆయనదే. ఎన్నిసార్లు ఈ మాట అడ్డం పెట్టుకుని నిద్రపోయానో! నిజాన్ని కూడా అబద్ధంలా వాడుకోవచ్చని ఆ రోజే నేర్చుకున్నాను.

ఖాదర్ భాయ్‌ని పిలిచారు. నూనెగుడ్డ తప్ప ఇంకేం పెట్టలేదని ఒట్టేశాడు. బాబా అరవలేదు. నీకు వయసైపోయింది, ఒంట్లో బాగుండట్లేదు, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకో అన్నాడు. వీసా క్యాన్సిల్ చేయించి పంపేశాడు. తేలు కుట్టిన దొంగలా నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది కూడా నేనే. ఆ డ్యూటీ నాదే కదా. దారిలో ఆయన తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు.

"తమ్మీ, ఒక మాట అడుగుత. నిజం చెప్పు."

"అడుగు భాయ్" అన్నాను.

"జ్వరం మత్తుల నేనే చేసిన్నా ఏంది? నాకైతే యాదికొస్తలేదు. ఎంత సోంచాయించినా యాదికొస్తలేదు."

ఇంతకంటే పెద్ద తలుపు ఎవరికి తెరుచుకుంటుంది? ఆయన నన్ను అనుమానించలేదు. తన్ను తాను అనుమానించుకుంటున్నాడు. భాయ్, నువ్వు కాదు అంటే చాలు. నేనే అని కూడా చెప్పక్కర్లేదు. నువ్వు కాదు, అంతే.

"అయ్యుంటాది భాయ్. జరమొచ్చినప్పుడు మనిషికి తెలీదు గదా" అన్నాను.

ఆయన తలూపాడు. "గంతే అయ్యుంటది. అల్లా మాఫ్ చెయ్యాలె" అన్నాడు. దిగేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి మరీ వెళ్లాడు.

ఇదీ నా తప్పు. తుపాకీ తోమడం కాదు, అది తెలియనితనం. డ్యూటీ మాట కూడా భయంతో నోరు జారిందనుకోవచ్చు. కారులో అన్న మాటకు మాత్రం ఏ సాకూ లేదు. తన చేతుల మీద తనకున్న నమ్మకాన్ని, అన్నం పెట్టిన మనిషి దగ్గర నుంచి నేను ఊడబెరికాను. ఎందుకు? మళ్లీ ఎవరూ నన్ను అడగకుండా ఉండటానికి.

తుపాకులు తుడిచే పని ఇప్పుడు నాకే ఇచ్చారు. గహ్వా కూడా నేనే పోస్తున్నాను. అతిథులు ఆ మెరిసే తుపాకీ దగ్గర ఆగితే బాబా నిట్టూర్చి, మా ఖాదర్ ముసలితనంలో పాడుచేశాడు పాపం అంటాడు. నేను ఫింజాన్ కప్పుల్లో గహ్వా వంచుతూ వింటాను. చెయ్యి వణకదు. అదే నాకు భయం.

మొన్న రంజాన్ పండగకు ఖాదర్ భాయ్ వాయిస్ మెసేజ్ పెట్టాడు. గొంతు బాగా పాడైంది. బందూకులు మంచిగున్నాయా తమ్మీ అని అడిగాడు. ఇంట్లో గాజు సామాన్లు ముట్టుకోవడం మానేశాడట, పగలగొడతానని భయమట. చివర్లో, "తాత బందూకు ఖరాబు చేసిన. నన్ను మాఫ్ చెయ్యమని బాబాకు చెప్పు" అన్నాడు.

నా తప్పుకు ఆయన క్షమాపణ అడుగుతున్నాడు. అదీ నా నోటితో చెప్పమంటున్నాడు.

ఇంకా బదులివ్వలేదు. ఇస్తానో లేదో కూడా తెలియదు, నా సంగతి నాకు తెలుసు. మీరు క్షమించాలని ఇది రాయలేదు. క్షమించడానికి మీరెవరు? ఒక్క మాటను ఎక్కడో ఒకచోట బయట పెట్టాలనిపించింది, అంతే. పెడుతున్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆ తుపాకీని తోమింది నేను. ఖాదర్ భాయ్, నువ్వు కాదు.