కొండ కరెంటుకి తగ్గ కంప్యూటరు

విశాఖ నుంచి కొండెక్కే బస్సులో నా పక్కన కూర్చున్న గుంటపిల్ల ఒళ్లో అట్టపెట్టెలున్నాయి. వాటి మీద రాతలన్నీ ఇంగ్లీషే. నాకు తెలుగు చదవడమే ముసలితనంలో వచ్చింది, అందుకని నోటితోనే అడిగేశాను.

"ఏటే అవి?"

"కంప్యూటరు సామాన్లు తాతా. ఇంటికాడ నేనే బిగించుకుంతాను."

"సదువుకా?"

"ఆటలకి," అంది తడుముకోకుండా.

కాఫీ పళ్లు కోసి కూడబెట్టిన కూలి డబ్బట. అది ఆటలకి తగలేస్తావా అని మందలించాను. నవ్వింది గానీ తగ్గలేదు. బొమ్మలు బాగా కనబడాలంటే పెద్ద కార్డు కొనమని కొట్టువాడు పట్టుబట్టాడట. ఈమె చిన్న కార్డు తీసుకుని, మిగిలిన డబ్బు కరెంటు అందించే పవర్ సప్లై మీద పెట్టింది. సామాన్లు పెట్టుకునే పైడబ్బా కొననేలేదు, చెక్క మీద బిగిస్తుందట.

"బొమ్మ మసగ్గా ఉన్నా ఆడుకోవచ్చు తాతా. మా ఊరి కరెంటు ఒకపాలి పడిపోతాది, ఒకపాలి ఎగిరిపోతాది. నాసిరకం సప్లై ఎడితే అన్నీ కాలిపోతాయి. మళ్లీ కొనలేను."

పట్నం కొట్టులో నిలబడి సొంతూరి కరెంటుని గుర్తుపెట్టుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు. నేనైతే కొట్టువాడి మాటకే పడిపోయేవాణ్ని.

ఆమె దిగాల్సిన డుంబ్రిగుడలో జోరు వాన. సంచిలోంచి ప్లాస్టిక్ పట్టా తీసి పెట్టెలకి చుట్టింది.

"మరి నువ్వేటి కప్పుకుంతావే?"

"నేను తడిసినా ఆరిపోతాను తాతా. ఇవి ఆరవు."

పెట్టెలు గుండెకి హత్తుకుని వానలోకి దిగిపోయింది. ఆ కంప్యూటరు వెలిగిందో లేదో నాకెవరూ చెప్పలేదు. వెలిగే ఉంటాది.